గాలి లీకు వెతకడానికి కార్బ్ క్లీనర్ స్ప్రే: ఆరేళ్ళు వాడాక

మాది 2010 నాటి 150 సీసీ బండి, కార్బురేటర్‌ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్నది. ఆరేళ్ళ కింద దానికి ఓ జబ్బు పట్టుకుంది. యాక్సిలరేటర్ వదిలినా రెండు మూడు క్షణాలు రయ్యిమంటూనే ఉండేది. బ్రేకేసి వేగం తగ్గిస్తుంటే సైలెన్సర్‌లో టపటపలు. ఇద్దరు మెకానిక్‌లు స్లో స్పీడ్ స్క్రూ తిప్పి, కార్బురేటర్ కడిగి పంపారు. వరంగల్‌లో మూడో ఆయన మాత్రం వినగానే, "గాలి గుంజుతాంది అన్నా" అన్నాడు. ఎక్కడో చెప్పలేకపోయాడు. ఆ "ఎక్కడ" కోసమే ఈ కార్బ్ క్లీనర్ డబ్బా (కార్బురేటర్ మురికి కడిగే స్ప్రే) కొన్నా.

కార్బురేటర్ దాటాక ఏ సందులోంచైనా గాలి దూరితే ఇంజిన్‌లోకి వెళ్ళే మిశ్రమంలో పెట్రోలు వంతు తగ్గిపోతుంది. ఆ సందు మీద స్ప్రే కొడితే అదీ ఇంజిన్‌లోకే పోతుంది కాబట్టి శబ్దం ఠక్కున మారుతుంది, పెరగొచ్చు లేదా దిగొచ్చు. పెరిగితేనే లీకు అనుకుని మొదట్లో నేను బోలెడు స్ప్రే వృథా చేశా.

డబ్బా అబద్ధమూ చెబుతుంది. మొదటిసారి ఎక్కడ కొట్టినా శబ్దం మారింది. లీకులన్నీ నా బండికేనా అనుకున్నా. తీరా చూస్తే ఆవిరి ఎయిర్ ఫిల్టర్ మూతిలోంచి లోపలికి పోతోంది! అప్పటినుంచి సన్నటి గొట్టం పెట్టి, ఒక్క జాయింటు దగ్గర ఒక్క చుక్క కొట్టి, ఐదు క్షణాలు ఆగుతున్నా. ఫ్యాన్ గాలిలో ఈ పని వద్దు.

మరో సంగతి: ఇది మండే సరుకు. సైలెన్సర్ బెండు వేడెక్కాక దాని దగ్గర కొట్టకూడదు. అందుకే పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజిన్ నడవడం) నిలబడగానే చూసేస్తా. రబ్బరు మీద పదేపదే పడితే రబ్బరూ పాడవుతుంది.

ఇంతకీ నా బండిలో దొరికింది ఏమిటంటే, కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే మ్యానిఫోల్డ్ రబ్బరుకు అడుగున పగులు. పైకి నిగనిగలాడుతోంది, చేత్తో వంచితేనే నోరు తెరిచింది. మార్చాక ఐడ్లింగ్ 1400 ఆర్‌పీఎం దగ్గర కదలకుండా నిలిచింది. రెండేళ్ళకు మళ్ళీ అదే జబ్బు. ఈసారి మ్యానిఫోల్డ్ బోల్టులు నేనే బలంగా బిగించి ఫ్లాంజ్ (బోల్టులు పట్టే చదునైన అంచు) వంచేశా. అద్దం మీద ఎమరీ పేపరు పరిచి చదును చేసి, ఓ-రింగ్ (జాయింటు సందు మూసే గుండ్రటి రబ్బరు) మార్చా. తప్పు నాదే.

సబ్బునీళ్ళ బుడగల కోసం చూడమని చాలామంది చెబుతారు. నడిచే ఇంజిన్‌లో గాలి లోపలికే పోతుంది, బయటికి బుడగ ఎలా వస్తుంది? మామూలు నీళ్ళ స్ప్రే బాటిలు నయం. పగులు మీద నీరు పడితే క్షణంపాటు సందు మూసుకుని ఐడ్లింగ్ మారుతుంది. ఖర్చు లేదు, మంట భయం లేదు. ఇప్పుడు మొదట నీళ్ళే వాడుతున్నా, తేలకపోతేనే డబ్బా తీస్తా. అందుకే ఈ చివరి డబ్బా రెండేళ్ళయినా సగం కూడా అవ్వలేదు.

టపటపలు మాత్రమే ఉండి ఐడ్లింగ్ బాగుంటే ముందు సైలెన్సర్ గ్యాస్కెట్ చూడండి. దానికి ఈ డబ్బా పనికిరాదు. థ్రాటిల్ షాఫ్ట్ (కార్బురేటర్‌లో గాలి మూతను తిప్పే కడ్డీ) అరిగితే ఎక్కడ లీకో చూపిస్తుంది కానీ, ఆ తర్వాత కార్బురేటరే మార్చుకోవాల్సి రావచ్చు.

అయిదుకు మూడున్నర ఇస్తా.