కాలేజీలో బొమ్మలు నేర్పాలా, ఇంట్లో కూర్చుని వేసుకోవాలా?

ఎంఎఫ్ఏ, అంటే బొమ్మల్లో పీజీ, అయిపోయిన పిల్లలు ఫోన్ చేసి అడిగేది ఇదే. నేను పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెప్తూ మనుషుల బొమ్మలు వేసుకుంటున్నవాణ్ణి, కాబట్టి నా లెక్క నేను చెప్తాను.

ముందు డబ్బు. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఏడో పే కమిషన్ ప్రకారం మొదటి బేసిక్ 57,700. నెల తిరిగేసరికి అది పడుతుంటే, సోఫా రంగుకి తగ్గట్టు బొమ్మ వేసిపెట్టమనేవాళ్లకి ధైర్యంగా కుదరదని చెప్పొచ్చు. కానీ ఆ పోస్టుకి నెట్ లాంటి అర్హత పరీక్ష గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి, ఆపైన నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాయాలి. ఈలోపు దొరికేది గెస్ట్ ఫ్యాకల్టీ. నేను ఆరేళ్లు చేశాను. గంటల లెక్కన జీతం, వేసవి సెలవుల్లో అదీ ఉండదు. డబ్బూ లేదు, బొమ్మ వేసే టైమూ లేదు.

ఇంట్లోనే ఉండి వేసుకుంటే రోజంతా మనదే, అది నిజం. కాకపోతే బొమ్మ అమ్మిన ధరలో గ్యాలరీ మూడో వంతు నుంచి సగం దాకా పట్టుకుంటుంది, ఫ్రేము ఖర్చు చాలాసార్లు మనదే, మిగిలిన డబ్బు చేతికొచ్చేసరికి నెలలు గడుస్తాయి.

అయినా మనిషి బొమ్మ వేసేవాడికి కాలేజీ ఇచ్చేది జీతం ఒక్కటే కాదు, మోడల్‌ని కూడా ఇస్తుంది. ఈమధ్య మనిషిని ఎదురుగా పెట్టుకుని గీసే మా లైఫ్ స్టడీ క్లాసులో ఒక పెద్దాయన కూర్చున్నాడు, డెబ్బై ఏళ్లుంటాయి, ఒకప్పుడు కల్లు కోసం తాటిచెట్లెక్కినవాడు. గంట దాటాక ఆయన ఎడమ భుజం మెల్లగా కిందికి జారింది, బరువంతా ఒక తుంటి మీదికి వచ్చింది, పిల్లలు మాత్రం ఇంకా మొదటి భంగిమే గీస్తున్నారు. ఒకమ్మాయి కాగితం అంచున బొగ్గుతో ఆ మెడ కింది ఎముక వాలు గీసి చూపించాను. నెలరోజులుగా నా కాన్వాస్ మీద కర్రలా నిలబడిపోయిన మనిషి ఆ సాయంత్రమే కాస్త కదిలాడు. ఇంట్లో అయితే ఫోన్ ఫోటో పెట్టుకుని వేసేవాణ్ణి. దగ్గర్నుంచి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి.

పేరున్న చిత్రకారుల్నే చూడండి. కొండపల్లి శేషగిరిరావు గారు హైదరాబాద్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెప్తూనే పురాణ ఘట్టాలు వేశారు. లక్ష్మాగౌడ్ గారు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నేర్పారు. వైకుంఠం గారైతే బాలభవన్‌లో చిన్నపిల్లలకి డ్రాయింగ్ చెప్పారు, బొట్టు మెరిసే ఆయన తెలంగాణ ఆడవాళ్లు ఇవాళ అందరికీ తెలుసు. అయితే వాళ్లని చూసి మనమూ ఈజీగా చేసేయొచ్చనుకోకండి, వాళ్ల రోజుల్లో కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ కోసం నింపే ఫైళ్లు ఇన్ని లేవు.

నన్నడిగితే రెగ్యులర్ పోస్టు వస్తే కళ్లు మూసుకుని చేరిపోండి. గెస్ట్ అయితే రెండేళ్లు చాలు, ఆ తర్వాత ఆదివారాలు ఇంట్లో పిల్లలకి డ్రాయింగ్ చెప్పుకుంటూ, పోర్ట్రెయిట్ ఆర్డర్లు పట్టుకుని మిగతా రోజులు బొమ్మకే పెట్టుకోవడం మేలు. చేరినవాళ్లు మాత్రం టైమ్‌టేబుల్ వేసే రోజున మొదటి రెండు పీరియడ్లు ఖాళీగా ఉంచమని అడగండి, అప్పుడైతే మన బొమ్మకి కాస్త టైమ్ దొరుకుతుంది. ఇది నోరు తెరిచి అడగడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.