‘0 డిగ్రీలు’ అని రాసిన స్లీపింగ్ బ్యాగు కొనేముందు ఒక్క నిమిషం

ఈ చలికాలం లంబసింగి వెళ్లి టెంటులో పడుకుందామనుకుంటున్నవాళ్లు నాలాగా మోసపోకండి.

ఆన్‌లైన్‌లో 1,299 రూపాయలకు స్లీపింగ్ బ్యాగు కొన్నాను. కవరు మీద పెద్ద అక్షరాలతో ‘0 డిగ్రీల వరకు’ అని ఉంది. రేటింగ్ కూడా బాగుంది. మా బావమరిది కూడా అదే తెప్పించుకున్నాడు. ఇంట్లో ఫ్యాను కింద దూరి చూస్తే ఐదు నిమిషాల్లో చెమటలు పట్టాయి. భలే వెచ్చగా ఉందనుకున్నాం. విశాఖలో చెమట పట్టకపోతేనే వింత అన్న సంగతి అప్పుడు తట్టలేదు.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కర్రలా కొయ్యబారిపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. అంత స్పష్టంగా పేరులోనే చెప్పినా వినకుండా తాజంగి రిజర్వాయరు దగ్గర కోత అయిపోయిన మడిలో టెంటు అద్దెకు తీసుకున్నాం. పదింటిదాకా నెగడు దగ్గర కబుర్లు, బొంగు చికెన్, అంతా బాగానే గడిచింది.

రెండింటికి మెలకువ వచ్చింది. చలి పైనుంచి రావడం లేదు, కిందనుంచి వస్తోంది. తుంటి, భుజం, మడమలు, నేలకు ఆనిన చోటల్లా ఐసుగడ్డ పెట్టినట్టుంది. కింద వేసుకున్నది నోటితో ఊదే గాలిపరుపు. దాని లోపలి గాలి అటూఇటూ కదులుతూ ఒంట్లో వేడిని నేలకు దింపేస్తుందట. బ్యాగులో దూది మన బరువుకి నలిగిపోతే కింది వైపు అది ఉన్నా లేనట్టే. బావమరిది జిప్పు తల మీదిదాకా లాక్కుని లోపలే ఊపిరి వదిలాడు, ఆ ఆవిరికి వాడి బ్యాగు లోపలంతా చెమ్మ.

వాడు వణుకుతూ వెళ్లి గిన్నెలో నిప్పులు వేసుకుని టెంటులోకి తెస్తున్నాడు. టెంట్ల దగ్గర కాపలా ఉన్న గిరిజన కుర్రాడు పరిగెత్తుకొచ్చి ఆపాడు. మూసిన టెంటులో బొగ్గులు పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన కూడా ఉండదు. నిద్రలోనే పోతారు. ఈ ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుంచుకోండి.

ఆ కుర్రాడే “కింద గడ్డి లేకుండా ఎలా పడుకున్నారు సార్?” అని నవ్వి, రెండు మోపుల వరిగడ్డి తెచ్చి జానెడు మందాన పరిచాడు. మంచుకి తడిసిన సాక్సులు, చెమట బనియన్లు మార్చుకోమన్నాడు. మా స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, పొడి సాక్సులో దూర్చి తొడల మధ్య పెట్టుకోమన్నాడు. తలకి మఫ్లర్. అదే బ్యాగులో, అదే చలిలో ఆరింటిదాకా పడుకున్నాం. పల్లం కాకుండా కాస్త మెరక మీద టెంటు వేసుంటే ఇంకా నయమట, చల్లగాలి బరువుగా ఉండి పల్లంలోకే దిగుతుంది కదా.

ఇక అసలు మోసం. ఇంటికొచ్చాక బ్యాగు లోపలి కుట్టు దగ్గర చిన్న ట్యాగు కనిపించింది. కంఫర్ట్ 15, లిమిట్ 10, ఎక్స్‌ట్రీమ్ 0. ఐఎస్ఓ 23537 అనే ప్రమాణంలో వాడే మూడు అంకెలివి. కంఫర్ట్ అంటే హాయిగా నిద్రపట్టే వేడిమి, లిమిట్ అంటే ముడుచుకుని ఎలాగోలా రాత్రి గడిపేది. ఎక్స్‌ట్రీమ్ అంటే నిద్ర మాట దేవుడెరుగు, కొన్ని గంటలపాటు ప్రాణం నిలబడొచ్చన్న అంచనా, అదీ ఒళ్లు చల్లబడిపోయే ప్రమాదంతో. వీళ్లు ఆ మూడో అంకెనే కవరు మీద అచ్చేశారు! కొనేముందు కంఫర్ట్ ఎంతో అడగండి, చెప్పకపోతే వదిలేయండి. బరువు కూడా చూడండి. నాది 900 గ్రాములు. సింథటిక్ దూదితో నిజంగా సున్నాకి ఆగే బ్యాగు సాధారణంగా కిలోన్నరకి తక్కువ ఉండదు. గాలిపరుపు బదులు మడతపెట్టే ఫోమ్ మ్యాట్ తీసుకోండి, చవకే.

వాపసు అడిగితే “వాడిన వస్తువు తీసుకోం, ట్యాగు మీద రాశాం కదా” అన్నారు. అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్లు తీసి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా నడుస్తోంది. బ్యాగు ప్రస్తుతం మావాడు ఏసీ గదిలో కప్పుకుంటున్నాడు. 24 కంటే తగ్గించొద్దంటున్నాడు.