‘హ్యాక్’ అనే ఒక్క మాట పట్టుకుని పాత స్టూడెంట్ పేపర్లు తిరగేశాను: ఆర్కైవ్ ఎలా ఉందంటే

పాత స్టూడెంట్ పేపర్లు, అంటే విద్యార్థులే నడిపే వార్తాపత్రికలు, స్కాన్ చేసి, మాట టైప్ చేస్తే వెతికి పెట్టేలా ఆన్‌లైన్‌లో ఉంచిన యూనివర్సిటీలు అమెరికాలో చాలానే ఉన్నాయి. వాటిలో నేను ఎక్కువ గడిపింది ఎంఐటీ విద్యార్థులు 1881 నుంచి నడుపుతున్న ‘ది టెక్’ పాత సంచికల్లో. డబ్బు కట్టక్కర్లేదు, పేజీ అచ్చయినప్పుడు ఎలా ఉందో అలాగే పీడీఎఫ్‌లో వస్తుంది, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

వెళ్తే ముందు 1963 నవంబర్ 20 సంచిక తెరవండి. అందులో టెలిఫోన్ హ్యాకర్ల మీద ఒక వార్త ఉంది. ఎంఐటీకీ హార్వర్డ్‌కీ మధ్య ఉన్న ఫోన్ లైన్లన్నీ ఖాళీ లేకుండా చేసేశారట, దూరప్రాంతాలకు ఫోన్లు చేసి ఆ బిల్లు ఒక రాడార్ కేంద్రం లెక్కలో వేయించారట, పీడీపీ-1 కంప్యూటర్‌ని ఫోన్ వ్యవస్థకు తగిలించి బయటి లైన్ దొరికేదాకా దానిచేతే వెతికించారట! ఇప్పుడు మనం వాడే అర్థానికి దగ్గరగా ఈ మాట అచ్చులో కనిపించిన తొలి చోట్లలో ఇదొకటి. అయితే నన్ను ఆపేసింది ఆ సంగతులు కాదు, మాట ముందున్న చిన్న ముక్క. ‘హ్యాకర్లు’ అని ఊరుకోకుండా ‘హ్యాకర్లు అనబడేవాళ్లు’ అన్నట్టు రాశారు. అంటే మాట క్యాంపస్‌లో తిరుగుతోంది గానీ పేపర్లో ధైర్యంగా వాడేంత పాతబడలేదు. ఏ నిఘంటువూ ఈ సంగతి ఇంత స్పష్టంగా చూపించదు.

అదే క్యాంపస్‌లో రైలు నమూనాలు కట్టే విద్యార్థుల క్లబ్ 1959లో తమ మాటలకు ఒక పదకోశం రాసుకుంది. అందులో హ్యాక్ అంటే ప్రయోజనం ఏమీ ఆశించకుండా చేసే పని, వాళ్లకది ముద్దు మాట. ఐదేళ్లు తిరక్కుండానే పేపర్‌కెక్కేసరికి ఫిర్యాదుతో ఎక్కింది. ఎంఐటీ వాళ్లు మాత్రం దాన్ని వదల్లేదు. 1982లో హార్వర్డ్, యేల్ ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో మైదానంలోంచి ఎంఐటీ అని రాసిన బెలూన్ ఉబ్బుతూ పైకి లేచింది కదా, అలాంటి తెలివైన అల్లరిని వాళ్లు ఇప్పటికీ గర్వంగా హ్యాక్ అనే అంటారు.

ఇక ఇబ్బందులు. వేరే చోట ఒక ఆర్కైవ్‌లో ఇదే మాట వెతికితే ఒళ్లు మండింది. సిరా సరిగా పడని ‘బ్యాక్’ అనే ఇంగ్లిష్ మాటని కంప్యూటర్ ‘హ్యాక్’గా చదివేసింది, మొదటి అక్షరాలు రెండూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి మరి. లైన్ చివర రెండు ముక్కలుగా విరిగిన మాటలు అసలు దొరకలేదు. పైగా మాట చుట్టూ రెండు లైన్లే కత్తిరించి చూపిస్తారు, మిగతా పేజీ చూడాలంటే నాలుగు క్లిక్కులు. పాత ఇంగ్లిష్‌లో హ్యాక్ అంటే అద్దె గుర్రబ్బండి కూడా, కాబట్టి 19వ శతాబ్దపు సంచికల్లో అది తగిలితే రెండు లైన్లు చూసి ఏ హ్యాకో ఎవరు చెప్పగలరు? పక్కన గుర్రాల కొట్టం ప్రకటన ఉందో లేదో కళ్లతో చూడాల్సిందే.

అందుకే నా సలహా, మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చూపించే సెర్చ్‌ని నమ్మకండి, పూర్తి పేజీ ఇచ్చే ఆర్కైవ్‌నే ఎంచుకోండి, తీరిగ్గా కూర్చోండి. కెనెడీ హత్యకు సరిగ్గా రెండు రోజుల ముందు నాటి ఆ సంచికని నేను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను, వెతికిన మాట ఒక్క వార్తలోనే ఉన్నా.

ప్రస్తుతం ‘టూల్’ వెతుకుతున్నాను. ఎంఐటీ కుర్రాళ్ల భాషలో దానికి కూర్చుని గట్టిగా చదవడం అని అర్థం, ఏ ఏటి సంచికలో మొదటిసారి అలా వాడారో పట్టుకోవాలి.