మైక్రోసాఫ్ట్ 365 స్పామ్ ఫిల్టర్: దొంగను పడుతుంది, దండోరాను వదిలేస్తుంది

"స్పామ్ ఎక్కువైపోయింది, ఏదో ఒకటి చెయ్యండి" అని ఐటీ వాళ్ల దగ్గరకు వచ్చిన ఆఫీసు ఇన్‌బాక్స్‌ను తెరిచి చూస్తే, అందులో అసలు స్పామ్ తక్కువే ఉంటుంది. లాటరీ తగిలిందనేవి, పాస్‌వర్డ్ గడువు అయిపోయిందని బెదిరించేవి ఎక్కడో ఒకటి. మిగతావన్నీ వెబినార్ ఆహ్వానాలు, ఎప్పుడో ఒక పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసిన పాపానికి వారం వారం దిగే న్యూస్‌లెటర్లు, "నా ముందు మెయిల్ చూశారా?" అంటూ వదలని సేల్స్ వాళ్ల ఫాలోఅప్‌లు. మైక్రోసాఫ్ట్ 365లో మెయిల్‌తో పాటే వచ్చే ఫిల్టర్, అంటే ఎక్స్ఛేంజ్ ఆన్‌లైన్ ప్రొటెక్షన్, ఎలా ఉందని అడిగితే జవాబు రెండు ముక్కలు. మోసపు మెయిల్‌ను పట్టడంలో బాగుంది, విడిగా ఇంకో ప్రొడక్ట్ కొనాల్సిన అవసరం చాలా ఆఫీసులకు లేదు. ప్రచార మెయిల్ విషయంలో మాత్రం డిఫాల్ట్ సెట్టింగు మరీ ఉదాసీనం. దాన్ని చేత్తో సరిచేయాల్సిందే.

ఈ ఫిల్టర్ ప్రతి మెయిల్‌కూ రెండు అంకెలు వేస్తుంది. ఒకటి ఎస్‌సీఎల్, మెయిల్ స్పామ్ అయ్యే అవకాశం ఎంతో చెప్పేది. 0, 1 అయితే మంచిది, 5, 6 అయితే స్పామ్, 8, 9 అయితే కచ్చితంగా స్పామ్. మైనస్ 1 అంటే అసలు ఫిల్టరే చేయకుండా లోపలికి వదిలారని అర్థం. రెండోది బీసీఎల్, మూకుమ్మడిగా మెయిళ్లు పంపేవాళ్లకు వేసేది. 0 అంటే బల్క్ కాదు. 1 నుంచి 3 వరకు ఫిర్యాదులు తక్కువ వచ్చే సెండర్లు, 4 నుంచి 7 వరకు మిశ్రమం, 8, 9 మాత్రం జనం విసుగెత్తిపోయిన సెండర్లు. డిఫాల్ట్ పాలసీలో గీత 7 దగ్గర ఉంటుంది. 7గానీ అంతకంటే ఎక్కువగానీ వస్తేనే జంక్ ఫోల్డర్‌కు వెళుతుంది. 4, 5, 6 వచ్చినవన్నీ దర్జాగా ఇన్‌బాక్స్‌లో కూర్చుంటాయి. మీకు చిరాకు తెప్పించే న్యూస్‌లెటర్లు చాలావరకు ఈ గుంపులోవే.

నమ్మకం కుదరకపోతే ఒక న్యూస్‌లెటర్ హెడర్, అంటే మెయిల్ వెనక దాగి ఉండే సాంకేతిక వివరాల చిట్టా, తెరవండి. వెబ్‌లో వాడే ఔట్‌లుక్‌లో మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, వ్యూలోకి వెళ్లి, మెసేజ్ డీటెయిల్స్ ఎంచుకోవాలి. పాత డెస్క్‌టాప్ ఔట్‌లుక్‌లో అయితే మెయిల్‌ను విడి విండోలో తెరిచి ఫైల్, ప్రాపర్టీస్. ఆ అక్షరాల అడవిలో "ఎక్స్-మైక్రోసాఫ్ట్-యాంటీస్పామ్" అనే వరుసలో బీసీఎల్, "ఎక్స్-ఫోర్‌ఫ్రంట్-యాంటీస్పామ్-రిపోర్ట్" అనే వరుసలో ఎస్‌సీఎల్, ఎస్‌ఎఫ్‌వీ (ఫిల్టర్ ఇచ్చిన తీర్పు) కనిపిస్తాయి. బీసీఎల్ 6, ఎస్‌సీఎల్ 1, ఎస్‌ఎఫ్‌వీ దగ్గర ఎన్‌ఎస్‌పీఎం (స్పామ్ కాదు) అని ఉందనుకోండి. ఇది బల్క్ అని ఫిల్టర్‌కు తెలుసు, కానీ మీరు గీసిన గీత దాటలేదు కాబట్టి వదిలేసింది. తప్పు ఫిల్టర్‌ది కాదు, గీతది.

గీతను జరపడానికి అడ్మిన్ హక్కులు కావాలి. మైక్రోసాఫ్ట్ భద్రతా సెట్టింగులుండే డిఫెండర్ పోర్టల్‌లో ఈమెయిల్ అండ్ కొలాబరేషన్, అక్కడి నుంచి పాలసీస్ అండ్ రూల్స్, థ్రెట్ పాలసీస్, యాంటీ-స్పామ్. ఇన్ని గడపలు దాటితేగానీ ఆ గీతను జరిపే స్లైడర్ కనిపించదు. ఈ ప్రొడక్ట్‌లో పెద్ద లోపం ఇదే. పనికొచ్చే మీట ఉంది, దాన్ని అటక మీద పెట్టారు. 7 నుంచి ముందు 6కు దించి రెండు వారాలు జంక్ ఫోల్డర్లు గమనించండి, తర్వాత 5. చాలా ఆఫీసులకు 5 దగ్గర సరిపోతుంది. 4కు దిగితే ఇన్‌వాయిస్‌లు, ప్రయాణ టికెట్లు, ట్రైనింగ్ రిజిస్ట్రేషన్ కన్ఫర్మేషన్లు కూడా జంక్‌లో పడే ప్రమాదం పెరుగుతుంది. కారణం తేలికే: చాలా కంపెనీలు బిల్లునూ ప్రచారాన్నీ ఒకే బల్క్ మెయిల్ సర్వీసు నుంచి పంపుతాయి, బీసీఎల్ లెక్క చూసేది పంపేవాడి పరపతిని. స్లైడర్ జరిపినా మార్పేమీ కనబడకపోతే పవర్‌షెల్‌లో (అడ్మిన్లు ఆదేశాలు టైప్ చేసే సాధనం) "మార్క్‌యాజ్‌స్పామ్‌బల్క్‌మెయిల్" అనే సెట్టింగు చూడండి. మామూలుగా అది ఆన్‌లోనే ఉంటుంది. ఎవరైనా ఎప్పుడో ఆఫ్ చేసి ఉంటే బీసీఎల్ అంకె పడుతుంది కానీ చర్య ఉండదు. పోర్టల్‌లో ఈ సంగతి కనిపించదు, అందుకే గంటలు తినేస్తుంది.

ఇంత తలనొప్పి వద్దనుకునేవాళ్లకు ప్రీసెట్ పాలసీలు రెండున్నాయి. స్టాండర్డ్‌లో బల్క్ గీత 6, స్పామ్ జంక్‌కు, కచ్చితమైన స్పామ్ క్వారంటైన్‌కు, అంటే మెయిల్‌బాక్స్‌కు చేరకుండా విడిగా ఆపి ఉంచే చోటుకు. స్ట్రిక్ట్‌లో గీత 5, మామూలు స్పామూ బల్కూ కూడా నేరుగా క్వారంటైన్‌కే. అందరికీ స్టాండర్డ్ పెట్టి, అకౌంట్స్ వాళ్లకూ పైస్థాయి వాళ్లకూ స్ట్రిక్ట్ పెట్టడం మంచి పద్ధతి. నియామకాల మెయిల్ ఐడీకి, సేల్స్ ఎంక్వయిరీలు వచ్చే ఐడీకి స్ట్రిక్ట్ పెట్టకండి. అక్కడికి వచ్చేవాళ్లంతా కొత్తవాళ్లే, రెజ్యూమేలు క్వారంటైన్‌లో మగ్గుతాయి. ఇంకో చిక్కు: స్ట్రిక్ట్, స్టాండర్డ్, మీరు రాసుకున్న కస్టమ్ పాలసీలు, చివర డిఫాల్ట్, ఇదీ వరుస. ఒక మనిషికి మొదట తగిలిన పాలసీయే చెల్లుతుంది. ప్రీసెట్‌లో ఉన్నవాళ్ల కోసం కస్టమ్ పాలసీలో స్లైడర్ ఎంత జరిపినా గాలికి పోయినట్టే.

ఫిల్టర్ చెడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో అసలు కారణం చాలాసార్లు అలౌ లిస్ట్. ఒక క్లయింట్ మెయిల్ జంక్‌లో పడిందని కోప్పడితే అడ్మిన్ ఆ డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాతి భాగం) మొత్తాన్ని ఈ అనుమతి జాబితాలో పెట్టేస్తాడు. క్లయింట్ వాడేది ఉచిత మెయిల్ సర్వీసైతే, ఆ ఒక్క ఎంట్రీతో ఆ సర్వీసు నుంచి వచ్చే స్పామ్ అంతటికీ తలుపు తెరిచినట్టే. ఇంతకంటే ఘోరం, సొంత డొమైన్‌నే అలౌ లిస్ట్‌లో పెట్టడం. బయటివాడు మీ మేనేజర్ అడ్రస్‌తో దొంగ మెయిల్ పంపినా "మనవాడే" అని ఫిల్టర్ పక్కకు తప్పుకుంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ బయటి దొంగకే ఇంటివాడి చొక్కా తొడిగారు. దీన్ని పట్టుకోవడానికి మళ్లీ హెడరే దారి. ఎస్‌ఎఫ్‌వీ దగ్గర ఎస్‌కేఏ అని ఉంటే యాంటీ-స్పామ్ పాలసీలోని అలౌ లిస్ట్ వదిలింది. ఎస్‌కేఎన్ అయితే అడ్మిన్ రాసిన ఏదో మెయిల్ ఫ్లో రూల్ స్పామ్ పరీక్షకు ముందే వదిలేసింది. ఎస్‌ఎఫ్‌ఈ అయితే ఆ ఉద్యోగి తన సేఫ్ సెండర్స్‌లో తానే పెట్టుకున్నాడు. ఇన్‌బాక్స్‌లో దిగిన ఐదారు స్పామ్ మెయిళ్లకు ఈ మూడు అక్షరాలూ చూస్తే చాలు, ఎక్కడ కన్నం ఉందో తెలిసిపోతుంది.

మెయిల్ నేరుగా మైక్రోసాఫ్ట్‌కు రాకుండా ముందు ఇంకో కంపెనీ గేట్‌వే గుండా వస్తుంటే అది వేరే కథ. అప్పుడు పంపినవాడి ఐపీ బదులు గేట్‌వే ఐపీ కనబడుతుంది. ఎస్‌పీఎఫ్ పరీక్ష, అంటే ఆ డొమైన్ పేరుతో పంపే హక్కు ఆ ఐపీకి ఉందా అని చూసేది, మంచివాళ్లకూ ఫెయిలవుతుంది, పరపతి లెక్కలు గల్లంతవుతాయి. విసుగొచ్చిన అడ్మిన్ "గేట్‌వే నుంచి వచ్చేవన్నీ మైనస్ 1" అని రూల్ రాసేస్తాడు. ఇక కొన్న ఫిల్టర్ రెండు, పనిచేసేది ఒకటి. కనెక్టర్ల పేజీ దగ్గర ఎన్‌హాన్స్‌డ్ ఫిల్టరింగ్ అనే సౌకర్యం ఉంది. గేట్‌వే ఐపీలను దాటి వెనకాల ఉన్న అసలు ఐపీని చూడమని ఫిల్టర్‌కు చెబుతుంది. ఆ రూల్ తీసేసి ఇది పెట్టుకోవాలి.

ఇక సేల్స్ ఫాలోఅప్‌లు. వీటి దగ్గర ఈ ఫిల్టర్ బలహీనమే. రోజుకు కొద్ది మందికి, మామూలు మెయిల్‌బాక్స్ నుంచి, విడివిడిగా పంపినట్టు కనిపించే ఉత్తరాలకు బీసీఎల్ 0 రావచ్చు, స్లైడర్ ఎంత దించినా పట్టుకోదు. ఔట్‌లుక్‌లో ఒక్క అడ్రస్‌ను బ్లాక్ చేస్తే రేపు అదే కంపెనీ నుంచి ఇంకో పేరుతో వస్తుంది. డొమైన్‌ను టెనెంట్ అలౌ/బ్లాక్ లిస్ట్‌లో, అంటే ఆఫీసు మొత్తానికీ వర్తించే జాబితాలో, నిషేధించడమే మందు. ఎంట్రీకి మామూలుగా 30 రోజులకు గడువు తీరుతుంది, "ఎప్పటికీ" అని మార్చుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: అక్కడ బ్లాక్ చేసిన డొమైన్‌కు మీ ఆఫీసు నుంచి మెయిల్ పంపడం కూడా కుదరదు. రేపు మీ కొనుగోలు విభాగానికి ఆ కంపెనీతోనే బేరమాడాల్సి వస్తే మెయిల్ తిరిగొస్తుంది, కారణం ఎవరికీ గుర్తుండదు. ఎంట్రీ పక్కన నోట్ రాసే చోటు ఉంది, వాడండి.

అన్‌సబ్‌స్క్రయిబ్ నొక్కాలా వద్దా అనేదానికి సులువైన కొలత: పేరున్న సంస్థ, మీరెప్పుడో ఏదో నింపిన గుర్తు ఉంటే నొక్కండి. ముక్కూ మొహం తెలియని పంపకందారు అయితే నొక్కకండి, ఆ క్లిక్కే మీ అడ్రస్ బతికుందని వాడికి చెబుతుంది. పద్ధతిగా పంపేవాళ్ల విషయంలో పరిస్థితి ఇదివరకటి కంటే మెరుగు. వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000, అంతకు మించి మెయిళ్లు పంపేవాళ్లు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క క్లిక్‌తో తప్పుకునే దారి ఇవ్వాలని గూగుల్ 2024లో నిబంధన తెచ్చింది. ఆ దారిని చూపే "లిస్ట్-అన్‌సబ్‌స్క్రయిబ్" హెడర్‌ను చాలామంది అందరికీ పంపుతున్నారు కాబట్టి మీకూ లాభమే. పైగా ఆ హెడర్‌తో ఒక రూల్ రాసుకోవచ్చు: మెసేజ్ హెడర్‌లో "లిస్ట్-అన్‌సబ్‌స్క్రయిబ్" ఉంటే "తర్వాత చదవాలి" ఫోల్డర్‌కు, క్లయింట్ డొమైన్లకు మాత్రం మినహాయింపు. మెయిల్ లోపలి మాటల్లో "అన్‌సబ్‌స్క్రయిబ్" కోసం వెతికే రూల్ కంటే ఇది మేలు. మాటల రూల్ పెడితే మీ సహోద్యోగి ఫార్వర్డ్ చేసిన మెయిల్ కూడా కొట్టుకుపోతుంది.

స్పామ్‌ను ఊరికే డిలీట్ చేస్తే ఫిల్టర్‌కు తెలిసేదేమీ ఉండదు, రిపోర్ట్ బటన్ వాడాలి. ఇందులో నచ్చే సౌకర్యం ఇంకొకటి జాప్. మెయిల్ డెలివరీ అయ్యాక దొంగదని తేలితే 48 గంటల లోపు వెనక్కి లాగేస్తుంది. ఫిషింగ్ అయితే చదివినా చదవకపోయినా లాగుతుంది, స్పామ్ అయితే చదవనివాటినే. ఉదయం చూసిన మెయిల్ మధ్యాహ్నానికి మాయమైతే కంగారు పడక్కర్లేదు.

పక్కవాళ్లతో పోల్చాలంటే, గూగుల్ వర్క్‌స్పేస్‌లో పని తేలిక, మీట తక్కువ. "మరింత గట్టిగా వడకట్టు" అనే ఒక్క టిక్ ఉంటుంది కానీ బీసీఎల్ లాంటి అంకె చూపించదు. సొంత సర్వర్‌లో స్పామ్‌అసాసిన్ అనే ఉచిత ఫిల్టర్ నడిపేవాళ్లకు అంకెలు కావలసినన్ని, చాకిరీ కూడా అంతే. మామూలుగా 5 మార్కులు దాటితే స్పామ్. పాత మెయిళ్ల నుంచి నేర్చుకునే బేయెస్ విభాగం 200 స్పామ్, 200 మంచి మెయిళ్లు నేర్పేదాకా నోరు విప్పదు. ఆ సర్వర్ పబ్లిక్ డీఎన్ఎస్ (అందరూ వాడే చిరునామా వెతుకులాట సేవ) వాడుతుంటే స్పామ్‌హౌస్ లాంటి, స్పామ్ పంపేవాళ్ల చిట్టాలైన బ్లాక్‌లిస్టులు జవాబివ్వడం మానేస్తాయి. ఫిల్టర్ సగం గుడ్డిదైనా లాగ్‌లో గట్టిగా అరవదు. ఆ వెతుకులాటకు సొంత రిజాల్వర్ పెట్టుకుంటే తీరుతుంది.

గట్టి ఫిల్టర్ పెట్టాక అసలు పని క్వారంటైన్ దగ్గరే. ప్రీసెట్లలో మెయిల్ 30 రోజులు ఉంటుంది, డిఫాల్ట్ పాలసీలో 15 రోజులే, ఆ తర్వాత తిరిగిరాదు. ఉద్యోగులకు నోటిఫికేషన్ రోజుకొకటి వెళ్లేలా పెట్టండి. వారానికొకటి అయితే ఎవరూ తెరవరు, 4 గంటలకొకటి అయితే అదే కొత్త స్పామ్ అనిపిస్తుంది. కచ్చితమైన ఫిషింగ్‌గా ముద్ర పడినవి మామూలుగా ఉద్యోగికి కనబడవు, అడ్మిన్‌కే కనబడతాయి. "వాళ్లు పంపామంటున్నారు, నాకు రాలేదు, జంక్‌లోనూ లేదు" అంటే ముందు అక్కడ వెతకాలి. మంచి మెయిలే అయితే రిలీజ్ చేసి ఊరుకోకుండా డిఫెండర్ పోర్టల్‌లోని సబ్మిషన్స్ పేజీ నుంచి మైక్రోసాఫ్ట్‌కు పంపి, అక్కడే అనుమతి ఎంట్రీ పెట్టండి. చివరిసారి వాడిన 45 రోజులకు తొలగిపోయేలా పెట్టే వీలుంది. డొమైన్‌ను శాశ్వతంగా అలౌ లిస్ట్‌లో పడేయడం కంటే అది ఎంతో నయం.