గ్రానైట్ ఫ్యాక్టరీకి ఏది మేలు: సెజ్, ఈఓయూ, బాండెడ్ వేర్‌హౌస్?

చీమకుర్తి గెలాక్సీ రాయిని కోసి, పాలిష్ పట్టి విదేశాలకు పంపే యూనిట్లు ఒంగోలు చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. కొత్తగా పెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "సెజ్‌లోకి, అంటే ప్రత్యేక ఆర్థిక మండలిలోకి వెళ్తే ట్యాక్స్ ఉండదట కదా?" ఆ మాట నమ్మి అప్పు చేయొద్దు. మొదటి అయిదేళ్లు ఎగుమతి లాభం మీద నూరు శాతం, తర్వాతి అయిదేళ్లు సగం ఆదాయపు పన్ను మినహాయింపు ఒకప్పుడు ఉండేది. 2020 ఏప్రిల్ తర్వాత అనుమతి తీసుకున్న యూనిట్లకు అది లేదు.

మరి సెజ్‌లో మిగిలిందేమిటి? 2005 నాటి సెజ్ చట్టం, 2006 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనలు దీనికి ఆధారం. డెవలపర్ (సెజ్‌ను కట్టే సంస్థ) దరఖాస్తును ఢిల్లీలోని బోర్డ్ ఆఫ్ అప్రూవల్ చూస్తుంది, తర్వాత కేంద్రం ఆ భూమిని నోటిఫై చేస్తుంది. మన రాష్ట్రం వ్యవహారాలు విశాఖలోని డెవలప్‌మెంట్ కమిషనర్ చేతిలో ఉంటాయి. సెక్షన్ 53 ప్రకారం ఆ ప్రహరీ లోపలి నేల దేశ కస్టమ్స్ పరిధికి బయట ఉన్నట్టు లెక్క. అందుకే యంత్రాలు, రాయి కోసే డైమండ్ సెగ్మెంట్లు, రెసిన్ సుంకం లేకుండా దిగుతాయి. ఇక్కడి వ్యాపారి సెజ్‌కు అమ్మినా అది జీఎస్టీలో జీరో రేటెడ్ (పన్ను సున్నా) అమ్మకమే.

అయితే అదే గీత మన మెడకూ చుట్టుకుంటుంది. మూడో గ్రేడు స్లాబుల్ని హైదరాబాద్ బిల్డర్‌కు అమ్మాలంటే, విదేశం నుంచి దిగుమతి అయిన సరుకులాగే వాటి మీద కస్టమ్స్ సుంకం పడుతుంది. పాలిషింగ్ మెషిన్ మోటారు కాలిపోతే బయటి వర్క్‌షాపుకు పంపడానికి కూడా గేటు దగ్గర కాగితాలు, తిరిగి తేవడానికి గడువు. పైగా సెజ్ భూమిని డెవలపర్ అమ్మకూడదు, లీజుకే ఇవ్వాలి. అన్నంగి, బొద్దువానిపాలెం దగ్గర ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) తెచ్చిన బిల్డింగ్ ప్రొడక్ట్స్ సెజ్‌కైనా ఇదే నియమం. సొంత స్థలం చూపించి బ్యాంకు లోన్ తెచ్చుకునే అలవాటున్న మనవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఈఓయూ, అంటే ఎగుమతి కోసమే నడిచే యూనిట్, 1980 చివర్లో వచ్చిన పథకం. దీనికి చట్టం వేరే లేదు, విదేశీ వాణిజ్య విధానంలోని ఆరో అధ్యాయమే దారి. గుండ్లపల్లిలో ఉన్న షెడ్డునే ఈఓయూగా మార్చుకోవచ్చు. కొత్త యూనిట్ అయితే యంత్రాల మీద కనీసం కోటి రూపాయల పెట్టుబడి ఉండాలి. దిగుమతికి సుంకం మినహాయింపు ఉంది. ఇక్కడ కొన్నవాటికి మాత్రం ముందు జీఎస్టీ కట్టి తర్వాత రిఫండ్ కోసం తిరగాలి. అయిదేళ్లలో తెచ్చిన విదేశీ మారకం, ఖర్చుపెట్టిన దానికంటే ఎక్కువ ఉండాలన్న షరతు సెజ్‌కూ ఈఓయూకూ ఒకటే. ఆర్డర్లు పడిపోయిన ఏడాది ఈ లెక్కే అసలు టెన్షన్.

మూడోది కస్టమ్స్ చట్టం సెక్షన్ 65 కింద, 2019 నిబంధనలతో నడిచే బాండెడ్ వేర్‌హౌస్, అంటే మన ఫ్యాక్టరీనే సుంకం ఇంకా కట్టని సరుకు ఉంచే గిడ్డంగిగా లెక్కేస్తారు. ఎగుమతి చేసి తీరాలన్న షరతు లేదు. సుంకానికి మూడు రెట్ల బాండు రాసిస్తే, యంత్రం మీద సుంకం అప్పుడే కట్టక్కర్లేదు, వాయిదాకు వడ్డీ లేదు. సరుకు ఇక్కడే అమ్మితే అందులో వాడిన దిగుమతి పదార్థాల వరకే సుంకం కడతారు.

సగం ఎగుమతి, సగం లోకల్ అమ్మకం ఉన్న మధ్యతరహా ఫ్యాక్టరీకి నా ఓటు దీనికే. కాకపోతే ఒక చిక్కు చూసుకోండి: పదేళ్లు వాడిన గ్యాంగ్‌సాను (బండను పలకలుగా కోసే యంత్రం) బాండు నుంచి బయటికి తీసి ఇక్కడ అమ్మినా, తరుగుదల ఇవ్వరు, మొదటి విలువ మీదే సుంకం. ఈఓయూలో తరుగుదల ఇస్తారు. కాబట్టి దాదాపు సరుకంతా ఎగుమతి చేస్తూ, యంత్రాలు తరచూ మార్చేవాళ్లు ఈఓయూకే వెళ్లాలి.

నెల్లూరు రొయ్యల ప్లాంట్ల లెక్క వేరు. ముడిసరుకు ఇక్కడి చెరువుల నుంచే వస్తుంది, దిగుమతి చేసుకునేది ముఖ్యంగా ఫ్రీజింగ్ యంత్రాలు. అంతమాత్రానికి ఈ మూడూ అక్కర్లేదు. ఈపీసీజీ (ఎగుమతిదారులకు యంత్రాల మీద సుంకం మినహాయించే పథకం) లైసెన్సు మీద సుంకం లేకుండా యంత్రం తెచ్చుకుని, అలా ఆదా అయిన సుంకానికి ఆరు రెట్ల ఎగుమతి ఆరేళ్లలో చూపిస్తే చాలు.