డౌన్‌టౌన్ నడక: షికాగో, మన్‌హాటన్, హ్యూస్టన్

దూరం నుంచి తీసిన ఫొటో చూసి డౌన్‌టౌన్‌ని అంచనా వేయకండి. అరవై అంతస్తుల టవర్ పక్కన నడిచేవాళ్ల కంటికి ఆనేది కింది రెండు మూడు అంతస్తులే. అక్కడ దుకాణాలున్నాయా, లేక నున్నటి రాతి గోడా పార్కింగ్ గేటూ ఉన్నాయా అన్నదే అసలు లెక్క. ఆ లెక్కన నా మొదటి ఓటు షికాగో డౌన్‌టౌన్ నడిబొడ్డయిన లూప్‌కే.

జాక్సన్, డియర్‌బార్న్ వీధులు కలిసే మూల మీద మొనాడ్నాక్ బిల్డింగ్ దగ్గర మొదలుపెట్టండి. పదహారు అంతస్తులు. 1891 నాటి ఉత్తర సగంలో బయటి ఇటుక గోడలే బరువు మోస్తాయి, అందుకే నేల దగ్గర గోడ మందం 6 అడుగులు. కిటికీ ఎంత లోపలికి ఉందో చూస్తే ఆ మందం అర్థమవుతుంది. 1893లో పూర్తయిన దక్షిణ సగానికి ఉక్కు చట్రం వాడారు. బరువు దాని మీదికి పోయేసరికి గోడ పలచబడింది. రెండేళ్ల తేడాలో కట్టే పద్ధతే ఎలా మారిందో ఒకే భవనంలో పక్కపక్కనే చూడొచ్చు! అదే వీధిలో ఉత్తరానికి నాలుగడుగులు వేస్తే 1958 నాటి ఇన్‌లాండ్ స్టీల్ బిల్డింగ్. స్తంభాలు బయటి అంచుకి, లిఫ్టులు వెనక వేరే టవర్‌లోకి వెళ్లిపోయాయి. ఆఫీసు అంతస్తుల్లో అడ్డంగా ఒక్క స్తంభం కూడా లేదు.

లూప్‌లో లోపమంటే వాబాష్ వీధే. తలమీద రైలు, కింద నీడ, మాట వినపడనంత మోత.

షికాగోకి ఉన్న పెద్ద సుఖం వెనక సందులు. చెత్త, సరుకు లారీలు అటు పోతాయి. మన్‌హాటన్ వీధులకి 1811లో గీసిన ప్లానులో సందుల్లేవు. అందుకే సాయంత్రమయ్యేసరికి చెత్త సంచులు ఫుట్‌పాత్ మీదికి వస్తాయి. నడకకి మాత్రం అవెన్యూలే పట్టుకోండి, నిమిషానికో మూల వస్తుంది. అడ్డవీధుల్లో బ్లాకులు దానికి మూడింతలు సాగుతాయి. పాత టవర్లు పైకి పోయేకొద్దీ మెట్లుమెట్లుగా వెనక్కి జరగడం న్యూయార్క్ 1916 నిర్మాణ చట్టం పుణ్యం, వీధికి వెలుతురు దక్కాలని. భవనం ముందు ఖాళీ స్థలం వదిలితే 1961 చట్టం అదనపు అంతస్తులిచ్చింది. కూర్చోడానికి అరుగు కూడా లేని ప్లాజాలు చాలా పుట్టుకొచ్చాయి. పార్క్ అవెన్యూలో సీగ్రామ్ భవనం ముందున్న ప్లాజా అంతకుముందుదే, 1958 నాటిది. అంచున జనం కూర్చోడానికి వీలైన గట్లుండటం వల్లే అక్కడ సందడి.

హ్యూస్టన్‌కి తక్కువ మార్కులే. ఎండ తగలకుండా ఆఫీసుల కింద దాదాపు 6 మైళ్ల సొరంగాలు తవ్వారు, తిండీ దుకాణాలూ చాలావరకు అందులోకి దిగిపోయాయి. పైన వీధికి మిగిలినవి లాబీలు, గ్యారేజీ గేట్లు. వెళ్తే పనిరోజు మధ్యాహ్నమే వెళ్లండి. శని, ఆదివారాల్లో సొరంగాలకి తాళాలు పడతాయి.