దుదుక్ వినాలంటే యెరెవాన్‌లో ఎక్కడ దిగాలి, ఎటు వెళ్ళాలి

ఆర్మేనియా వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా సెవాన్ సరస్సు, కొండల మీది మఠాలు చూసి వచ్చేస్తారు. నేను వెళ్ళింది దుదుక్ అనే అక్కడి ఊదే వాద్యం కోసం, అందులోనూ దాన్ని వాయించడంలో దిట్ట జీవాన్ గాస్పర్యాన్ కోసం. ఆయన 2021లో, 92 ఏళ్ళ వయసులో, అమెరికాలో కన్నుమూశారు కాబట్టి కచేరీ అందే ప్రశ్న లేదు. ఆయన వాయించిన, పాఠం చెప్పిన చోట్లయినా చూద్దామనిపించింది.

రాజధాని యెరెవాన్‌లో బస ఒపేరా భవనం చుట్టుపక్కల పెట్టుకోండి. అద్దె కాస్త ఎక్కువే, అయినా గిట్టుబాటే. కచేరీలు జరిగే ఖచతుర్యాన్ హాలు ఆ భవనంలోనే ఉంది; కొమితాస్ కన్సర్వేటరీ, అంటే సంగీత కళాశాల, అక్కడికి నడిచేంత దూరం. 1948లో తతుల్ అల్తున్యాన్ ఆటపాటల బృందంలో చేరిన గాస్పర్యాన్, ఫిల్హార్మోనిక్ వాద్యబృందంలో సోలో వాద్యకారుడిగా ఎదిగి, ఆ కన్సర్వేటరీలోనే ప్రొఫెసరయ్యారు. నేను తీసుకున్న ఫ్లాట్ శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళకూ లోటు లేదు. కాకపోతే ప్రకటనలో 'ప్రశాంతమైన వీధి' అని రాసి, కింద కెఫే ఉన్న సంగతి దాచారు. అర్ధరాత్రి దాటినా స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. వేసవిలో వెళ్తే పెరటి వైపు గది అడిగి మరీ తీసుకోండి.

'లైవ్ దుదుక్' బోర్డు చూసి రెస్టారెంట్లకు వెళ్ళడం దండగ. నేను వెళ్ళినచోట వాయించే ఆయన మంచి విద్వాంసుడే. వెనక కీబోర్డు, ముందు మైకు, చుట్టూ గ్లాసుల గలగల. అసలే దుదుక్ స్థాయి దాదాపు ఒక్క సప్తకం. అందమంతా స్వరాన్ని వంచడంలో, ఊపిరి అదుపులో ఉంటుంది. అది ఆ గోలలో వినబడితే ఒట్టు.

నగరం బయట, పాత గుడి ఉన్న గార్నీ ఊళ్ళో మాత్రం కడుపు నిండింది. గుడికి వెళ్ళే దారిలో ఇద్దరు పెద్దాయనలు కూర్చుని వాయిస్తున్నారు. ఒకాయనది రాగం, రెండో ఆయనది 'దమ్'. అంటే ఒకే స్వరాన్ని తెగకుండా పట్టి ఉంచడం, మన సన్నాయి మేళంలో శ్రుతి పట్టినట్టు. దమ్ పట్టే ఆయన బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. బుగ్గల్లో గాలి వదులుతూనే ముక్కుతో ఊపిరి లాగుతున్నాడు. పాట ఆగాక నేరేడుపండు రంగులోకి తిరిగిన ఆయన ముఖం మామూలు కావడానికి కొంతసేపు పట్టింది. అక్కడినుంచి గేగార్డ్ వెళ్ళండి. కొండను తొలిచి కట్టిన ఆ మఠంలో గాయకులు గొంతెత్తితే రాయే తిరిగి పాడుతుంది. గార్నీ దాకా గాయ్ అవెన్యూ దగ్గర వ్యాను దొరుకుతుంది. ఆపైన టాక్సీకి బేరమాడక తప్పదు. నగరంలోనైతే యాప్‌లో పిలుచుకోవడమే సుఖం.

వాద్యం కొనాలంటే వారాంతంలో వెర్నిసాజ్ సంతకు వెళ్ళొచ్చు, కానీ అక్కడ అలంకారానికి పనికొచ్చేవే ఎక్కువ. ఆప్రికాట్ కర్ర నిగనిగ చూసి మోసపోకండి, రెల్లు పీకను వాయించి చూపమనండి. ఒక అమ్మకందారు పీకలో రెండు చుక్కలు నీళ్ళు పోసి, కదిపి, పారబోసి, మూత తీసి పక్కన పెట్టాడు. మెల్లగా పెదవులు విచ్చుకున్నట్టు తెరుచుకుంది. అప్పటిదాకా ఊదనే లేదు. అలాంటివాడి దగ్గర కొనండి.

చాలామందికి గాస్పర్యాన్ 2000 నాటి 'గ్లాడియేటర్' సినిమా సంగీతంలో వాయించడం వల్లే తెలుసు. నాకైతే 1983లో సోవియట్ రికార్డుల సంస్థ మెలోడియా తెచ్చిన రికార్డే ఇష్టం. ఇంగ్లీషు సంగీతకారుడు బ్రయన్ ఈనో దాన్ని 1989లో తన సంస్థ నుంచి మళ్ళీ విడుదల చేశాకే పడమటి దేశాలు ఆయన్ని పట్టించుకున్నాయి. అప్పటికి ఆయనకు అరవై! సోవియట్ ఆర్మేనియా 'ప్రజా కళాకారుడు' బిరుదు మాత్రం 1973లోనే ఇచ్చింది.

తిండి సంగతి. శాకాహారులు భయపడనక్కర్లేదు. మెడిసిన్ చదివే మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. "అన్నా, మెనూ చూడకండి, ఆకుకూరల రొట్టె అడగండి" అన్నాడో కుర్రాడు. జింగ్యలోవ్ హాట్స్ అంటారు దాన్ని. సన్నటి రొట్టెలో రకరకాల ఆకులు తరిగి పెట్టి కాలుస్తారు. పక్కన మత్సున్, అంటే పెరుగే. రెండు పూటలా నాకదే భోజనం. వీధుల్లో పుల్‌పులాక్‌ల (తాగునీటి కుళాయిల) నీళ్ళు చల్లగా, ఉచితంగా దొరుకుతాయి, సీసాలు కొనకండి.

గాస్పర్యాన్ పుట్టిన సోలక్ ఊరికి నేను వెళ్ళలేదు. ఒక పూటే మిగిలితే నా ఓటు గేగార్డ్‌కే.